పగులు మీద గాజుముక్క

పిల్లలు ఆవిడను గుండు టీచరు అనేవారు. ఆ పేరు విని చూడవచ్చిన కొత్త తల్లిదండ్రులు నున్నటి తల కోసం వరండా అంతా కలయజూసి, నడుము దాటిన నెరిసిన జడ ఎదురయ్యేసరికి తెల్లమొహం వేసేవారు. ఆ పేరు తలను బట్టి రాలేదు, చేతిసంచిని బట్టి వచ్చింది. లెక్కల పుస్తకం, కళ్ళజోడు పెట్టె, మంచినీళ్ళ సీసాతో పాటు ఆ సంచిలో తాడు చుట్టిన ఇత్తడి గుండు ఒకటి ఎప్పుడూ ఉండేది. గోడ నిట్టనిలువుగా లేచిందో లేదో చూసుకోవడానికి తాపీపనివాళ్ళు వేలాడదీసే గుండు అది. తండ్రి తాపీమేస్త్రి. ఆయన పోయాక కొడుకు ఇల్లు తీసుకున్నాడు, కూతురు గుండు తీసుకుంది. ఆ పంపకంలో మోసపోయింది ఎవరో తనకు ఇప్పటికీ అంతుపట్టలేదని వదినగారు అంటూ ఉండేది.

అన్నగారు కూడా గతించిన తరువాత ఆ ఇంట్లో మిగిలినవారు ఈ వదినా ఆడబడుచులు ఇద్దరే. టీచరు పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరు అడిగినా వదినగారు సిద్ధంగా ఉండేది.

"పెళ్ళికొడుకు ఎదురుగా వచ్చి కూర్చుంటే వాడి మొహం చూడాలా, వాడి వెనకాల గోడ చూడాలా? ఈవిడేం చేసిందో తెలుసా? గోడ వంకరగా ఉందని మేనమామ చెవిలో చెప్పింది. ఆయనకి చెముడు. ఏవిటమ్మా, అబ్బాయి వంకరా? అని గట్టిగా అడిగాడు. అంతే, లేచెళ్ళిపోయారు."

"గోడ వంకరే వదినా! వేలెడంత ఉంది."

"ఉంటే ఉంది. కాపరం గోడతో చేస్తావా?"

ఒక విధంగా ఆవిడ కాపురం గోడలతోనే సాగిందనాలి. బడికి ఎదురుగా, వీధికి అవతల, పాత తంతి కచేరీ ఉండేది. ఎర్రటి ఇటుక, సున్నపు గచ్చు, ఎత్తైన కమాను కిటికీలు. తీగల మీద వార్తలు నడిచిన కాలంలో అది రాత్రింబవళ్ళు నిద్రపోని ఇల్లు. ఆ కాలం పోయాక పురపాలక సంఘం వారు దానిలో మొదట విరిగిన కుర్చీలు, తరువాత విరగని కుర్చీలు, చివరకు ఏమీ లేకుండా తాళం ఉంచారు. ప్రతి ఏడూ ఏడో తరగతి పిల్లలను ఒక పూట అక్కడికి తీసుకుపోవడం బడి ఆనవాయితీ. ప్రధానోపాధ్యాయుడు గడప దగ్గర నిలబడి, కట్టించినవారి పేరు, కట్టిన సంవత్సరం, అయిన ఖర్చు కాగితం చూసి చదివేవాడు. పిల్లలు ఎండలో వరసగా నిలబడి ఆవులించేవారు. ఒక కట్టడాన్ని పిల్లల కళ్ళ ముందే ఎలా చంపవచ్చునో నేర్చుకోదలచినవారికి అంతకంటే మంచి పాఠం లేదు. తరువాత ఆ పిల్లలకే 'మన ప్రాచీన కట్టడాలు' అని వ్యాసరచన పోటీ పెట్టి, చూడనిదాన్ని పొగడటం అలవాటు చేసేవారు.

ఆ పని తన చేతికి వచ్చిన ఏడు గుండు టీచరు కాగితాన్ని సంచిలో పడేసింది.

"లోపలికి వెళ్ళండి. నేనేమీ చెప్పను. తలా ఒక్క ప్రశ్న పట్టుకుని బయటికి రండి. ప్రశ్న దొరకనివాళ్ళు మళ్ళీ లోపలికి."

"ఏం ప్రశ్న టీచర్?"

"నాకేం తెలుసు? నీ కళ్ళు నా దగ్గరున్నాయా?"

మొదటి ప్రశ్న ఏ ఏడైనా ఒకటే. "టీచర్, తంతి ఆఫీసంటే తన్నే ఆఫీసా?" దానికి నవ్వి ఊరుకునేది. ఆ తరువాతివి మాత్రం ఏటికేడూ కొత్తగా పుట్టుకొచ్చేవి. బయటి గోడకి తెల్లటి టీ కప్పులు ఎందుకు బోర్లించారు? మూడో మెట్టు ఎడమ పక్కే ఎందుకు అరిగింది? బల్ల ఇంత ఎత్తుగా ఉంటే పొట్టివాళ్ళు వార్త ఎలా ఇచ్చేవారు? రెండు గదుల మధ్య గోడలో చెయ్యి దూరేంత కన్నం దేనికి? ఆవిడ జవాబు చెప్పేది కాదు. "నువ్వేమనుకుంటున్నావు?" అని ఎదురడిగేది. అరిగిన మెట్టు మీద పిల్లల్ని ఒక్కొక్కరినే ఎక్కించేది, దింపేది. ఎవరో ఒకరికి, తలుపుకున్న రెండు రెక్కల్లో కుడి రెక్కకు మాత్రమే పైన గడియ ఉందనీ, అది ఎప్పుడూ మూసే ఉంచేవారేమో, జనమంతా ఎడమ వైపు నుంచే నడిచి ఉంటారనీ తట్టేది. ఆ తట్టిన పిల్లవాడి మొహం చూడాలి! చచ్చిపోయిన వేల పాదాలు వాడి కళ్ళ ముందు నడిచిపోయేవి. టీ కప్పులు తీగలను మోసిన పింగాణీ గిన్నెలని తెలిసిన పిల్ల ఆ రోజు ఇంటికి పోయి, అమ్మ చేతిలో కప్పును బోర్లించి చూసేది.

ఆ భవనం లోపల, డాబా మీదికి పోయే మెట్ల పక్కన, గోడలో ఒక పగులు ఉండేది. కింద వెంట్రుకవాసి, పైకి పోయేకొద్దీ కాస్త వెడల్పు. అది చూసి ఒక తండ్రి బడికి వచ్చి గోల చేశాడు. గోడ మీద పడితే దిక్కెవరన్నాడు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అప్పుడు టీచరు తండ్రి చేసే పనొకటి గుర్తు తెచ్చుకుంది. పలచటి గాజుముక్కను పగులుకు అడ్డంగా పెట్టి, రెండు కొసలనూ రెండు వైపులా గచ్చుతో అతికించాలి. గాజు సాగదు, వంగదు. గోడ ఏ మాత్రం కదిలినా పటుక్కున విరుగుతుంది. విరగలేదంటే, పగులు పాతదే గాని ఇప్పుడు పెరగడం లేదన్నమాట. కింద ఒకటి, నడిమిన ఒకటి, డాబా తలుపు దగ్గర ఒకటి, మూడు గాజుముక్కలు పెట్టించింది. ఏడో తరగతి దాటి వెళ్ళే పిల్లలు వాటిని ఒక్కొక్కటిగా గోటితో మీటి, టింగుమన్న చప్పుడు కొత్తవాళ్ళకు వినిపించి, అప్పగించి పోవడం ఆచారమైంది. అన్నలు అప్పగించిన గాజుముక్కల్ని తమ్ముళ్ళు, అక్కలు అప్పగించినవాటిని చెల్లెళ్ళు అందుకుంటూ వచ్చారు. ఒక్కటీ విరగలేదు.

ఇంతలో కచేరీ తలుపు మీద నోటీసు అంటించారు. దాని నకలు పదిలంగానే ఉంది. 'ఈ కట్టడము మిక్కిలి శిథిలమై, ప్రజల ప్రాణములకు ముప్పుగా పరిణమించినందున దీనిని తొలగించి వాహనములు నిలుపు స్థలముగా అభివృద్ధి చేయ సంకల్పించడమైనది.' తొలగించడాన్ని అభివృద్ధి అనగలిగిన భాషాపాండిత్యానికి చేతులు జోడించవలసిందే! గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. అదే పురపాలక సంఘం ఆ వేసవిలోనే, అదే భవనం పిట్టగోడ మీద, నాలుగు మంచాలంత రేకు బోర్డు నిలబెట్టింది. 'మన వారసత్వాన్ని కాపాడుకుందాం' అని నిలువెత్తు అక్షరాలు, పక్కనే అధ్యక్షులవారి నవ్వుమొహం, మూలన చిన్నదిగా ఒక పాత భవనం బొమ్మ. ఆ బొమ్మ ఈ భవనానిది కాదు.

టీచరు పురపాలక సంఘానికి వెళ్ళి, గోడ ఏళ్ళ తరబడి కదలలేదని, అందుకు సాక్ష్యం ఉందని, వచ్చి చూడమని కోరింది. వానలు వెలిశాక ఇంజనీరు వచ్చి చూస్తాడని, అంతవరకు పలుగు పడదని జవాబు వచ్చింది. ఆ సంబరంలో ఆవిడ తరగతికి వచ్చి, బల్ల మీద చరిచి మరీ చెప్పింది. "ఈ గాజులు విరగనంత కాలం ఆ భవనాన్ని ఎవరూ పడగొట్టలేరు!"

పిల్లలు ఆ మాటను చాలా శ్రద్ధగా విన్నారు.

ఆ వానాకాలం ఆవిడను మోకాళ్ళ నొప్పులు కూలదోశాయి. మెట్లెక్కడం కుదరక, గాజుల్ని మీటి చూసే పని తరగతి నాయకురాలికి అప్పగించింది. ఆ పిల్లను అందరూ పోలీసు అనేవారు. ఎవరు ఎవరి పెన్సిలు తీశారో, ఎవరు ఏ గోడ దూకారో ఆ పిల్ల దగ్గర దాగదు. దాని కుడిభుజం, పెద్ద చెవుల వల్ల చెవులపిల్లి అనిపించుకున్న కుర్రవాడు. వారం వారం ఇద్దరూ వచ్చి, "బాగానే ఉన్నాయి టీచర్" అని చెప్పిపోయేవారు.

వానలు వెలిశాయి. ఇంజనీరు రాక మర్నాడనగా టీచరు తరగతినంతా వెంటబెట్టుకుని, గాజుల మీద దుమ్ము తుడుద్దామని వెళ్ళింది. మోకాలు పట్టుకుని, మొదటి మెట్టు దగ్గర వంగి, గోటితో మీటింది.

టప్‌.

మళ్ళీ మీటింది. టప్‌. టింగు లేదు. నొప్పి మరిచిపోయి నడిమి దాని దగ్గరకు ఎక్కింది. టప్‌. పైదీ అంతే. అంతవరకు వాగుతున్న తరగతి అంతా ఒక్కసారిగా నోళ్ళు మూసుకుంది. ఆ నిశ్శబ్దమే ఆవిడకు సగం చెప్పింది.

"ఇవి గాజులు కావు," అంది మెల్లగా. "ఏమిటివి?"

చెవులపిల్లి చెవులు ఎర్రబడ్డాయి. "చొక్కా పెట్టె మూత టీచర్. మా నాన్న కొట్లోది. ప్లాస్టిక్కు."

"ఎందుకురా?"

"విరగదని!" అంది పోలీసు. కళ్ళనిండా నీళ్ళు, గొంతులో మాత్రం ఇంకా దర్పం. "విరగనంత కాలం పడగొట్టలేరని మీరే అన్నారు కదా టీచర్!"

కాపాడటం నేర్పిన పిల్లలు గాజును కాపాడారు. గోడ మాట గాజు చెప్పాలని ఏళ్ళ తరబడి నేర్పి, కీలకమైన రోజున, గాజు ఏం చెప్పాలో కూడా ఆవిడే ముందుగా చెప్పేసింది. తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుని, టీచరు ఆ మెట్టు మీదే కూలబడింది. అంతలోనే, లెక్క తప్పినచోట కళ్ళు వాటంతటవే ఆగిపోయినట్టు, ఒక అనుమానం ఆవిడను పట్టి ఆపింది.

"విరగకుండా ఉండాలని మార్చారు. సరే. విరుగుతుందని మీకెందుకనిపించింది?"

పోలీసు జామెట్రీ పెట్టె తెరిచింది. కోణమానిని కింద, దూదిలో, గాజుముక్కలు ఉన్నాయి. రెండు నిండుగా ఉన్నాయి. మూడోది రెండు ముక్కలు.

"పైది. గాలివాన వచ్చిందే, ఆ మర్నాడు. ముందురోజు మీటితే టింగుమంది టీచర్, ఒట్టు! మర్నాటికి ఇలా ఉంది. మిగతావి కూడా విరిగిపోతాయని, తడిగుడ్డ పెట్టి నానబెట్టి తీసేశాం."

టీచరు రెండు ముక్కలనూ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. బంతో రాయో తగిలితే గాజు సాలెగూడులా చిట్లుతుంది. ఇది అలా లేదు. అడ్డంగా, ఒక్కటే గీత. పగులు ఎక్కడ ఉందో సరిగ్గా అక్కడే. గోడ కదిలింది.

ఆ సాయంత్రం ఆవిడ కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. వదినగారు సంగతంతా విని, మంచినీళ్ళ చెంబు కడిగిందే కడిగింది.

"రేపు మళ్ళీ గాజుముక్కలు అతికించెయ్. ఎవరికి తెలుస్తుంది?"

"నలభైమంది పిల్లలకి తెలుసు వదినా."

"వాళ్ళు నీ పక్షమేగా!"

"అదే కదా భయం!" అంది టీచరు. "ఆ గోడ నిలబడాలని నాకెంత ఉందో నీకు తెలుసు. కానీ నిజంగానే పడిపోయే గోడైతే, ఆ మెట్ల మీద నిలబడేది వచ్చే ఏటి పిల్లలు."

వదినగారు చెంబు బోర్లించింది. "అయితే తిని పడుకో. నిజం చెప్పడానికైనా ఒంట్లో ఓపికుండాలి. అయినా ఆ రోజు పెళ్ళివారి ముందే చెప్పినదానివి, ఇంజనీరుకు చెప్పడానికి జంకుతావేం?"

మర్నాడు ఇంజనీరు వచ్చాడు. మాట తక్కువ మనిషి, బూట్లకు బురద, చెవి దగ్గర ఫోను. మెట్ల దగ్గర తరగతి తరగతంతా గోడకు అంటుకుపోయి నిలబడింది. ఆయన మొదటి ప్లాస్టిక్కు ముక్క వైపు వంగబోతుండగా టీచరు అడ్డం వచ్చింది.

"ఇంజనీరుగారూ, చూడకముందే ఒక మాట. మా సాక్ష్యం పాడైంది. వానాకాలంలో సగం రోజులు ఇక్కడున్నది గాజు కాదు, ప్లాస్టిక్కు. అంతకుముందే పై గాజు విరిగింది. ఇవిగో ముక్కలు."

ఇంజనీరు ఫోను జేబులో పెట్టాడు. ముక్కల్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు మేడమ్."

"నాకు తెలుసు కదండీ."

"విరిగిందంటే కదలిక ఉన్నట్టే. పునాది ఒక మూల కుంగితే ఇలాగే పైన ఎక్కువ తెరుచుకుంటుంది. నేను రాయాల్సింది మీకు అర్థమయ్యే ఉంటుంది." ఆయన గొంతులో విజయం లేదు. నిజానికి కొంచెం నొచ్చుకున్నట్టే ఉంది.

"అర్థమైంది," అంది టీచరు. గుండు ఉన్న సంచిని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. ఇక వెళ్ళిపోవడమే మిగిలింది. కానీ వెనక ఒక చెయ్యి లేచింది. అలవాటైన చెయ్యి.

"టీచర్, ఒక ప్రశ్న," అంది పోలీసు. "పునాది అయితే కిందిదీ నడిమిదీ కొంచెమైనా విరగాలి కదా? పైదొక్కటే ఎందుకు?"

ఆవిడ నోట ఏళ్ళుగా పాతుకుపోయిన మాట దానంతటదే వచ్చింది. "నువ్వేమనుకుంటున్నావు?"

"నాకు తెలీదు టీచర్."

"ఏ రోజు విరిగింది?" అని అడిగాడు ఇంజనీరు. ఆయన కూడా తెలియకుండానే ఆటలోకి వచ్చేశాడు.

"గాలివాన రోజు సార్."

"ఇన్నేళ్ళలో గాలివానలు రాలేదా?"

"బోలెడు వచ్చాయి," అంది టీచరు. "ఈ ఏడు కొత్తగా ఏమొచ్చింది ఈ గోడకి? ఆలోచించండర్రా!"

"నోటీసు," అన్నారొకరు. "పావురాలు," అన్నారింకొకరు. నవ్వులు లేచాయి. చెవులపిల్లి మాత్రం పైకి చూస్తున్నాడు. డాబా తలుపు సందులోంచి ఒక ఇనప కాలు కనిపిస్తోంది.

"బోర్డు, సార్."

ఇంజనీరు రెండేసి మెట్లు ఎక్కేశాడు. టీచరు మోకాలిని బతిమాలుకుంటూ వెనకే ఎక్కింది. డాబా మీద, సరిగ్గా ఆ పగులు పైకి చేరే చోట, పిట్టగోడకు రంధ్రాలు తొలిచి బోల్టులు దిగేసి, బోర్డు ఇనప కాళ్ళు నిలబెట్టి ఉన్నాయి. బోల్టుల చుట్టూ గచ్చు పిండి అయిపోయింది. ఇంజనీరు రేకును రెండు చేతులా పట్టుకుని ముందుకు నెట్టాడు. అధ్యక్షులవారి నవ్వుమొహం కిర్రుమంది.

"కింద ఎవరైనా పగులు మీద చెయ్యి పెట్టండి!" అని కేకేశాడు.

పోలీసు పై మెట్టు మీద నిలబడి, అరచెయ్యి పగులుకు ఆనించింది. ఇంజనీరు మళ్ళీ నెట్టాడు. పగులులోంచి చిటికెడు సున్నపు పొడి జలజలమని ఆ పిల్ల చేతి మీద రాలింది.

"కదిలింది!" అని అరిచింది. "సార్, మళ్ళీ! మళ్ళీ నెట్టండి! టీచర్, ఊపిరి పీలుస్తున్నట్టుంది!"

అప్పుడిక వరస పెట్టి అందరూ చెయ్యి పెట్టి చూడవలసిందే. ఇంజనీరు ఎన్నిసార్లు నెట్టాడో ఆయనకే తెలియదు. చొక్కా చంకల కింద తడిసిపోయింది. నడిమి మెట్టు దగ్గర చెయ్యి పెట్టినవాళ్ళకు ఏమీ తెలియలేదు. కింద అసలే లేదు. గోడను కాపాడమని ఊరికి చెబుతున్న బోర్డు, గాలి వీచినప్పుడల్లా ఆ గోడనే పట్టుకుని కుదిపింది.

ఇంజనీరు దిగివచ్చి, మెట్టు మీద కూర్చుని చెమట తుడుచుకున్నాడు.

"బోర్డే కారణమని ఇప్పుడే ప్రమాణం చెయ్యలేను మేడమ్. పునాదిలో కూడా ఏదైనా ఉండొచ్చు."

"ఉండొచ్చు," అంది టీచరు.

"బోర్డు తీయిస్తాను. రంధ్రాలు సున్నంతో పూడ్పిస్తాను. ఇంకో వానాకాలం చూద్దాం. అప్పటిదాకా కూల్చే మాట లేదని రాస్తాను. కానీ అప్పటిదాకా పిల్లలు ఈ మెట్లెక్కకూడదు. గాజులు చూడటం మీరూ నేనూ."

"కింది దాన్ని గడప దగ్గరి నుంచి చూడొచ్చా సార్?" అని అడిగింది పోలీసు.

"నువ్వు పోలీసువంటగా. ఎలాగూ చూస్తావు."

ఆ మధ్యాహ్నమే ఆయన ఎదుట కొత్త గాజులు అతికించారు. పైదాన్ని ఇంజనీరే పట్టుకున్నాడు. కొసలకు గచ్చు పెట్టింది టీచరు. విరిగిన ముక్కలు పారేద్దామన్న చెవులపిల్లికి టీచరు చేతిలో చిన్న మొట్టికాయ పడింది. అవి మళ్ళీ దూదిలోకే వెళ్ళాయి. వచ్చే ఏటి పిల్లలకు నిండుగాజులతో పాటు వాటిని కూడా అప్పగించాలి.

గడప దాటుతుండగా పోలీసు ఆవిడ కొంగు లాగింది. "టీచర్, వచ్చే వానాకాలంలో మళ్ళీ విరిగితే?"

"విరిగిందని చెబుదాం."

"పడగొట్టేస్తారు కదా!"

"అప్పుడు ఎందుకు విరిగిందో కూడా చూసి చెబుదాం. ఇవాళ నువ్వు అడిగినట్టు."

ఆ పిల్లకు ఆ జవాబు పూర్తిగా నచ్చలేదు. ఆవిడకూ పూర్తిగా నచ్చలేదనే చెప్పాలి.

మరుసటి వానాకాలం మామూలుకంటే గట్టిగా కొట్టింది. పెద్ద గాలివాన వచ్చిన మర్నాడు, తరగతి మారి, జడ పొడుగై, ఎనిమిదిలో ఉన్న పోలీసు, ఇప్పటి ఏడో తరగతితో కలిసి గడప దగ్గర నిలబడింది. ఇంజనీరు పని మీద ఇటుగా వచ్చానంటూ దిగాడు. టీచరు గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కింది.

పై నుంచి వినిపించింది. టింగ్‌.

"ఇంకోసారి మీటండి మేడమ్," అన్నాడు ఇంజనీరు, "నాకు సరిగా వినపడలేదు." ఆయనకు చక్కగా వినపడింది.

నోటీసు చింపేశారు. కచేరీ నిలబడింది, అరిగిన మెట్టు ఇంకా ఎడమ పక్కే అరుగుతోంది. దించిన రేకు బోర్డు ఎక్కడ పెట్టాలో పురపాలక సంఘంలో ఎవరికీ తోచక బడి ఆవరణలో పడేసిపోతే, వదినగారి సలహా మీద దాన్ని సైకిళ్ళ చావడికి కప్పుగా వేయించారు. కింద నిలబడి తలెత్తితే అక్షరాలు తలకిందులుగా కనిపిస్తాయి. వాన వచ్చినప్పుడు అధ్యక్షులవారి నవ్వుమొహానికి వెనక వైపు మీదుగా నీళ్ళు కారి పక్కకు పోతాయి. సైకిళ్ళు తడవవు.